మాటల మీద నడిచే భక్తి హాస్య చిత్రాన్ని తూచడం ఎలా

దేవుణ్ణీ మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టి, వారి మధ్య వాదాన్నే వినోదంగా మలిచిన సినిమా చూసి వచ్చాక దాని గురించి ఒక పేజీ రాయమంటే, మనలో చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకదానిలోకి పోతాం. మాటలు పేలాయని మెచ్చుకోవడం ఒక దారి, దేవుణ్ణి ఆటపట్టించారని నొచ్చుకోవడం రెండో దారి. రెండు అభిప్రాయాలూ మనస్ఫూర్తిగా చెప్పినవే కావచ్చు గాని, సినిమా చూడని పాఠకుడికి వాటివల్ల తెలిసేది చాలా తక్కువ. విజయనగరంలో కొద్దిమంది మిత్రులం నెలకొకసారి ఒకరి ఇంట్లో కలుసుకుని, చూసిన సినిమాల మీద రాసుకున్న కాగితాలు చదువుకోవడం కొన్నేళ్లుగా సాగుతోంది. ఆ కూర్చోవడాల్లో మెల్లగా కుదిరిన పద్ధతిని, కొత్తగా సమీక్షలు రాస్తున్నవారికి పనికివస్తుందన్న నమ్మకంతో, ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పద్ధతికంతటికీ మూలమైన ప్రశ్న ఒక్కటే. తెరమీద పలికిన మాట ఏదైనా పని చేసిందా, లేక విని చప్పట్లు కొట్టడానికే ఉందా?

చూడబోయే ముందు

దేవుడితో వాదించడం సినిమా కనిపెట్టిన సంగతి కాదని ముందుగా గుర్తుంచుకోవాలి. ఇది మరిచిపోయినవారు ప్రతి చమత్కారాన్నీ గొప్ప తెగువగానో, గొప్ప అపచారంగానో చూస్తారు. కఠోపనిషత్తులో నచికేతుడనే పిల్లవాడు యముడి ఇంటి ముందే కూర్చుని ప్రశ్నలు వేశాడు. మహాభారతం అరణ్యపర్వంలో, తెలుగులో ఎర్రన రచించిన భాగంలో, సావిత్రి యముడి వెంట నడుస్తూ మాటలతోనే మగని ప్రాణం రాబట్టుకుంది. మన ప్రాంతానికే వస్తే, 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి రచించిన సింహాద్రి నారసింహ శతకం సాక్షాత్తూ సింహాచలం స్వామినే నిలదీసే నిందాస్తుతి. శత్రుసేనలు వచ్చి పడుతుంటే చూస్తూ కూర్చున్నావేమని భక్తుడు తన దేవుణ్ణి ఎత్తిపొడుస్తాడు. ఆ ఎత్తిపొడుపులో ఉన్నది చనువు. పరాయివాణ్ణి ఎవరూ అంత హక్కుగా తిట్టరు.

కాబట్టి సినిమాలో ఒక పాత్ర దేవుణ్ణి కటువుగా మాట్లాడినప్పుడు మొదట చూడవలసింది ఆ కటువుతనాన్ని కాదు, దాని వెనుక చనువు ఉందా, తిరస్కారం ఉందా అన్నదాన్ని. రెండూ కథకు అర్హమైనవే. అయితే సినిమా ఒకదాన్ని చూపిస్తూ రెండోదాని ఫలితాన్ని ఆశిస్తే అక్కడ దోషం ఉన్నట్టు. గంటన్నరసేపు దేవుడు లేడని కోపంతో వాదించిన మనిషి, ఆ కోపానికి తగిన సంఘటన ఏదీ జరగకుండానే చివరి పావుగంటలో కన్నీళ్లతో చేతులు జోడించాడంటే, అతడి చేత చేతులు జోడింపించినది కథ కాదు, టిక్కెట్లు అమ్ముకోవాలన్న భయం.

సావిత్రి కథను ఇంకొక్కసారి చూడాలి. నా ఎరికలో ఇంతకు మించిన కొలబద్ద లేదు. ఆమె ఒక్కొక్క మంచి మాట చెప్పినప్పుడల్లా యముడు సంతోషించి, భర్త ప్రాణం తప్ప మరేదైనా కోరుకోమంటాడు. మామగారికి చూపు వస్తుంది, పోయిన రాజ్యం వస్తుంది, తండ్రికి కొడుకులు కలుగుతారన్న వరం వస్తుంది, చివరకు ఆమెకే సత్యవంతుడి వల్ల సంతానం కలుగుతుందన్న వరం వస్తుంది. ఆ చివరి వరం ఇచ్చాక భర్త ప్రాణం ఇవ్వకుండా ఉండడం యముడికే సాధ్యం కాదు. అంటే ప్రతి సంభాషణ తరువాతా వారిద్దరి పరిస్థితి మారింది. మొదట ఉన్న యముడు వేరు, నాలుగో వరం ఇచ్చిన యముడు వేరు. మాటలెక్కువున్న ప్రతి సినిమాకూ ఇదే పరీక్ష పెట్టాలి. సన్నివేశం మొదట్లో ఎవరిది పైచేయి, చివర్లో ఎవరిది, ఆ మార్పు ఏ వాక్యం దగ్గర జరిగింది? ఈ మూడింటికీ జవాబు దొరకని సన్నివేశం ఎంత నవ్వించినా అది ముచ్చటే అవుతుంది గాని నాటకం కాదు.

మొదటిసారి చూసేటప్పుడు

మొదటిసారి హాలులోనే చూడండి, కాగితం తీయకండి. హాస్యాన్ని ఒంటరిగా ఫోనులో చూసి తీర్పు చెప్పడం, హరికథను కథకుడు లేకుండా పుస్తకంలో చదివి తీర్పు చెప్పడం వంటిది. మీరు నవ్విన చోట్లు మీకే గుర్తుంటాయి. హాలు నవ్విన తీరును మాత్రం ప్రత్యేకంగా గమనించండి. ఒక్కసారిగా పగలబడే నవ్వు ఉంటుంది, ముందు వరుసల నుంచి వెనక్కి పాకే నవ్వు ఉంటుంది, నవ్వవచ్చునో లేదోనని పక్కవారి ముఖం చూసుకుని నవ్వే నవ్వు కూడా ఉంటుంది. భక్తి హాస్యంలో ఈ మూడోది చాలా విలువైనది. ప్రేక్షకుడు తన నమ్మకం అంచుదాకా వచ్చి ఆగిన చోటు అదే, రచయిత నైపుణ్యమో తొందరపాటో బయటపడే చోటు కూడా అదే. ఇంటికి వచ్చాక ఆ సన్నివేశాలు రెండు మూడు మాత్రం రాసి పెట్టుకోండి.

రెండోసారి: చెవితో ఒకసారి, కంటితో ఒకసారి

రెండోసారి చూసే అవకాశం ఉంటే, మాటలు బాగా ఉన్నాయనిపించిన పది నిమిషాల భాగాన్ని ఎంచుకుని, ముందు కళ్లు మూసుకుని వినండి. తరువాత అదే భాగాన్ని శబ్దం తీసేసి చూడండి. కళ్లు మూసుకుని విన్నప్పుడు ఏమీ పోలేదనిపిస్తే అది తెరకెక్కిన రేడియో నాటకం. దర్శకుడు నటులను వరుసగా నిలబెట్టి, మాట్లాడేవారి ముఖం మీదికి కెమెరా తిప్పుతూ పోయాడని అర్థం. శబ్దం తీసినప్పుడు కూడా ఎవరు ఎవరికి లొంగుతున్నారో, ఎవరు అబద్ధం ఆడుతున్నారో శరీరాల కదలిక వల్ల తెలుస్తుంటే, మాటల కింద దృశ్యం కూడా పని చేస్తోందని నమ్మవచ్చు.

2015లో వచ్చిన 'గోపాల గోపాల'ను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను. దేవుడి బొమ్మలు అమ్ముకునే గోపాలరావు దుకాణం భూకంపంలో కూలిపోతుంది. దైవచర్య వల్ల జరిగిన నష్టానికి బీమా సొమ్ము రాదంటారు. అయితే నష్టపరిహారం దేవుడే ఇవ్వాలంటూ అతడు కోర్టుకెక్కుతాడు. ఈ చిత్రంలోని గొప్ప బలం ఆ చిక్కుముడిలోనే ఉంది. దేవుడున్నాడా లేడా అన్న వాదం ఊరికే మొదలు పెడితే అది రచ్చబండ కబురవుతుంది. ఒక మనిషి బతుకుతెరువు ఆ వాదం మీద ఆధారపడినప్పుడు ప్రతి మాటకూ బరువు వస్తుంది. ఇది మూలమైన హిందీ చిత్రానికీ, దానికి ఆధారమైన గుజరాతీ నాటకానికీ చెందిన ఘనత కూడా. రంగస్థలం నుంచి వచ్చిన కథ కాబట్టే మాటల మీద అంత నమ్మకం ఉంది, అందుకే కోర్టు గది దృశ్యాల్లో కెమెరాకు చేయవలసిన పని తగ్గింది కూడా. బలమూ లోపమూ ఒకే చోటునుంచి వచ్చాయన్నమాట. సమీక్షలో వీటిని రెండు వేర్వేరు జాబితాలుగా కాక ఒకే పేరాలో పక్కపక్కన చెప్పాలని నేను గట్టిగా కోరేది అందుకే. 'ప్లస్ పాయింట్లు', 'మైనస్ పాయింట్లు' అని విడదీసిన మరుక్షణం ఈ సంబంధం తెగిపోతుంది.

ఆ చిత్రంలోనే చివర్లో వాదించిన మనిషినే జనం దేవుణ్ణి చేసి పూజించడం మొదలు పెడతారు. అంతవరకు నోటితో చెప్పిన విషయం అక్కడ కంటికి కనిపిస్తుంది. మాటలెక్కువున్న సినిమాలో ఇటువంటి ఒక్క ఘట్టమైనా ఉందేమో వెతకండి. ఉంటే దాని గురించి నాలుగు వాక్యాలు ఎక్కువ రాయండి.

అవతలి పక్షం మాటలు

ఈ రకం చిత్రాల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. హీరోకు పదునైన మాటలన్నీ ఇచ్చి, ఎదుటివారికి మొద్దు మాటలు మిగల్చడం. స్వాములవారి పాత్ర మోసగాడైతే తప్పేమీ లేదు, మోసగాళ్లు ఉన్నారు. కాని ఆ మోసగాడు తెలివిగా మాట్లాడాలి. నిజ జీవితంలో వేలమందిని నమ్మించగలిగిన మనిషి తెరమీద ఒక్క ప్రశ్నకే తడబడితే, ఓడినది అతడు కాదు, రచయిత. పరీక్ష సులువైనదే. వాదనలో హీరో వాక్యాలన్నీ పక్కన పెట్టి, అవతలివారి వాక్యాలను మాత్రమే వరుసగా కాగితం మీద రాయండి. అవి చదివితే ఒక నమ్మకం, ఒక మనిషి కనిపించాలి. హీరోకు అవకాశం అందించడానికి వేసిన ప్రశ్నలు మాత్రమే కనిపిస్తే, ఆ వాదం ముందే గెలిచిపెట్టుకున్నది.

విజయనగరంలో ఉన్నవారికి ఈ విషయంలో గొప్ప పాఠం చేతికందే దూరంలోనే ఉంది. ఇక్కడ 1892లో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం'లో ఆచారం పేరుతో పసిపిల్లలను అమ్ముకునేవారు కూడా తమ లెక్కలో తాము సరైనవారిలాగే మాట్లాడతారు. గిరీశం మాటలు వింటే అతడు మోసగాడని తెలిసి కూడా వినాలనిపిస్తుంది. వినాలనిపించడమే అతడి ప్రమాదం. సినిమాలో దొంగ బాబాను చూసినప్పుడు, ఇతడి ఎదుట అరగంట కూర్చుంటే నేనైనా నమ్ముతానా అని ప్రశ్నించుకోండి.

దెబ్బ ఎవరికి తగిలింది

నాకు అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇది. ప్రతి హాస్య సన్నివేశంలోనూ నవ్వు చివరికి ఒకరి మీద వాలుతుంది. మీరు రాసుకున్న సన్నివేశాల పక్కన ఆ వాలిన మనిషి ఎవరో రాయండి. దేవుడా, పూజారా, మధ్యలో డబ్బు దండుకునే దళారీయా, అధికారమున్న స్వామీజీయా, లేక నమ్మి వచ్చిన మామూలు భక్తుడా? సినిమా అంతా చూశాక ఈ లెక్కలో భక్తుడి పేరు ఎక్కువసార్లు వచ్చిందంటే, పోస్టరు మీద ఎంత ధైర్యమైన మాట ఉన్నా ఆ సినిమా బలవంతుణ్ణి వదిలి బలహీనుణ్ణి కొట్టిందన్నమాటే.

శ్రీకాకుళం జిల్లాలో మాఘమాసపు ఆదివారాల్లో అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్లినవారికి, తెల్లవారకముందే పల్లెల నుంచి వచ్చి ఆరుబయట పాలు పొంగించి క్షీరాన్నం వండుకునే ఆడవారు కనిపిస్తారు. అలా వచ్చిన ఒక పెద్దావిడ ఈ సినిమా చూస్తోందని ఊహించుకోండి. ఆమె మెచ్చితేనే సినిమా మంచిదని నేను అనడం లేదు. ఆమె ఎందుకు వచ్చిందో సినిమాకు తెలుసా అన్నదే నా ప్రశ్న. బిడ్డకు కంటిచూపు బాగుపడాలని మొక్కుకున్న మనిషిని 'మూఢనమ్మకం' అన్న ఒక్క మాటతో కొట్టివేసే సంభాషణ, తర్కంలో గెలిచినా మనిషిని అర్థం చేసుకోవడంలో ఓడిపోయినట్టే. ఆమె మొక్కుబడిని ఆసరా చేసుకుని డబ్బు గుంజేవాణ్ణి నిలదీసే సంభాషణను ఆమే అందరికంటే ముందు మెచ్చుకుంటుంది. గుడి దగ్గర జరిగే దోపిడి ఆమెకు తెలిసినంతగా నాస్తికుడికి కూడా తెలియదు.

మన జానపద కళల్లో ఈ తేడా తెలిసినవారు ఉన్నారు. భామాకలాపంలో సత్యభామ మగని పేరు చెప్పడానికి సిగ్గుపడుతుంటే మాధవి ఆటపట్టించే ఘట్టంలో జనం విరగబడి నవ్వుతారు. ఉత్తరాంధ్ర తూర్పు భాగవతంలోనూ ఆ భామ కథే రాత్రంతా సాగుతుంది. ఎవరి భక్తీ అక్కడ చిన్నబోదు. నవ్వు సత్యభామ గర్వం మీద వాలుతుంది గాని ఆమె ప్రేమ మీద కాదు.

భాష అంతస్తులు, మన యాస

దేవతలు గ్రాంథికంలోనూ మనుషులు వాడుకభాషలోనూ మాట్లాడడం తెలుగు భక్తి హాస్యానికి పాత ఊట. 1960 నాటి 'దేవాంతకుడు' నుంచి 1977 నాటి 'యమగోల' మీదుగా 1994 నాటి 'యమలీల' దాకా యమధర్మరాజు నోటి వెంట గంభీరమైన సమాసాలు వస్తుంటే ఎదుట నిలబడ్డ మానవుడు మామూలు మాటల్లో వాటిని దించేస్తాడు. 'యమలీల'లో భూమికి దిగివచ్చిన యముడు ఐస్‌క్రీమును 'హిమక్రీము' అనడంలో ఉన్న నవ్వు ఊరికే పుట్టినది కాదు. అంత అధికారమున్న దేవుడు ఒక చల్లని తీపికి లొంగిపోతూ కూడా తన భాషా గౌరవాన్ని వదులుకోలేకపోతున్నాడు. పాత్ర స్వభావం ఒక్క పదంలో దొరికింది. సమీక్ష రాసేటప్పుడు ఇటువంటి పదాన్ని పట్టుకోగలిగితే, సంభాషణలు బాగున్నాయని పదిసార్లు రాయనక్కరలేదు. అదే గ్రాంథికం పాత్రకు సంబంధం లేకుండా ప్రాసల కోసం మాత్రమే వాడితే, మూడో సన్నివేశానికే చెవి అలసిపోతుంది. ఆ అలసట ఎప్పుడు మొదలైందో నిమిషంతో సహా రాసుకోండి.

యాస విషయంలో నాకు చాలాకాలంగా ఉన్న బాధను కూడా ఇక్కడ చెప్పాలి. శ్రీకాకుళం మాటను తెరమీద కాపలాదారుకో, వంటవాడికో, అమాయకుడికో ఇచ్చి, 'ఏటి', 'గుంటడు' అన్న రెండు మాటలు పలికించి నవ్వించడం సినిమాల్లో అలవాటైపోయింది. భక్తి హాస్యంలో ఇది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. దేవుడు గ్రాంథికమూ, లాయరు కృష్ణా జిల్లా వాడుకభాషా మాట్లాడుతుండగా, మొక్కుకోవడానికి వచ్చిన వెర్రిభక్తుడు మాత్రం మన యాసలో మాట్లాడితే, ఏ భాషకు తెలివి ఉందో, ఏ భాషకు లేదో సినిమా చెప్పకనే చెప్పినట్టు. సినిమాలో ఉత్తరాంధ్ర మాట వినబడితే రెండు విషయాలు చూడండి. ఆ యాస మాట్లాడే పాత్ర ఒక్కసారైనా ఇతరుల కంటే తెలివైన మాట అన్నదా? ఆ యాసలోని ధాతువులూ క్రియలూ నిజంగా ఇక్కడివేనా, లేక చివర్లు మాత్రమే వంచిన కోస్తా భాషా? ఈ రెండోది మనం తప్ప మరొకరు చెప్పలేరు. అందుచేత ఇక్కడి సమీక్షకుడు దీన్ని విడిచిపెట్టకూడదు.

కథ దారి తప్పి తిరిగి వచ్చిందా

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడయ్యారు. ఆ సంప్రదాయపు కథకులు చిడతలు పట్టుకుని అసలు కథ నడుపుతూ మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటారు. పిట్టకథకు జనం నవ్వుతారు, నిద్రమత్తు వదులుతుంది. మంచి కథకుడు ఆ నవ్వు ఆగేలోగా దాన్ని అసలు కథలోని ఒక ధర్మసందేహానికి ముడివేసి వెనక్కి తీసుకువస్తాడు. పేలవమైన కథకుడు పిట్టకథ ముగించి, మళ్లీ మొదటినుంచి కథ అందుకుంటాడు. మాటలెక్కువున్న సినిమాలో ప్రతి హాస్య ఘట్టాన్నీ పిట్టకథగా భావించి, అది తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఏమైనా తెచ్చిందా అని చూడండి. ఇంటర్వెల్ తరువాత కథ కుంటినడక నడిచిందని ఊరికే రాసేకంటే, ఫలానా ఘట్టం తిరిగి రాలేదని రాస్తే పాఠకుడికి కారణం తెలుస్తుంది.

చివరి ఉపన్యాసం సంగతి కూడా ఇందులోనే చేరుతుంది. అంతవరకు నవ్విస్తూ వచ్చిన పాత్ర కెమెరావైపు తిరిగి నాలుగు నిమిషాలు నీతి చెబితే, అంతకు ముందు నడిచిన హాస్యం మీద రచయితకే నమ్మకం లేదని అర్థం. ఆ ఉపన్యాసంలోని ముఖ్యమైన మాట అంతకుముందే ఏదైనా నవ్వులో దాగి వచ్చిందేమో వెతకండి. వచ్చి ఉంటే ఉపన్యాసం అనవసరం, రాకపోతే అంతకు ముందు సినిమా వేరే విషయం గురించి నడిచింది.

రాసేటప్పుడు

కథను ఆరేడు వాక్యాల్లో ముగించండి, చిక్కుముడి ఏమిటో మాత్రం స్పష్టంగా చెప్పండి. సంభాషణలను రెండు మూడింటికి మించి ఉటంకించకండి. ఉటంకించినవి అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఎందుకంటే భక్తి విషయంలో ఒక్క క్రియ మారినా వినయం వెటకారంగా వినిపిస్తుంది. నవ్వు పేలే చోటును బయటపెట్టకుండా, అక్కడిదాకా ఎలా తీసుకువెళ్లారో చెప్పండి.

నచ్చకపోవడమూ, చూపించకూడదనడమూ ఒకటి కాదు. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 నాటిది. దాని కింద 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మతవర్గాలను కించపరిచే దృశ్యాలూ మాటలూ ఉండకూడదన్న నియమం ఉంది. దాన్ని చూసేందుకు సెన్సారు బోర్డు ఉంది. సమీక్షకుడి పని అది కాదు. ఒక సంభాషణ మిమ్మల్ని నొప్పించి ఉంటే దాన్ని దాచకుండా, ఫలానా కారణంచేత నొప్పించిందని మీ మాటగా చెప్పండి. ఆ నొప్పిని ఊరందరి నొప్పిగా ప్రకటించకండి. నేనొకసారి అటువంటి పొరపాటు చేశాను. ఒక చిత్రంలోని పూజారి హాస్యం భక్తులను అవమానించిందని రాసి, తరువాత శ్రీకూర్మం దగ్గరి బంధువుల ఊరిలో అదే చిత్రాన్ని ఇంట్లో టీవీలో చూస్తుంటే, నిత్యం గుడికి వెళ్లే మా పిన్ని ఆ సన్నివేశానికే అందరికంటే ఎక్కువగా నవ్వింది. ఎందుకని అడిగితే, తమ ఊరి పూజారిగారు కూడా హారతి పళ్లెంలో పడిన నోటు చూశాకే గొంతు పెంచుతారని చెప్పింది. నేను ఆమె తరఫున కోపం తెచ్చుకున్నాను గాని ఆమెను అడగలేదు.

అప్పటినుంచి, రాసిన సమీక్షను బయటికి ఇచ్చే ముందు ఇద్దరికి చదివి వినిపిస్తున్నాను. ఒకరు ఆ సినిమా చూడనివారు, మరొకరు రోజూ దీపం పెట్టేవారు. మొదటివారికి కథలోని చిక్కుముడి అర్థం కాకపోతే తొలి పేరా తిరగరాస్తాను. రెండోవారు ఏ వాక్యం దగ్గరైనా ఆగి, నిజంగా ఆ మాటే అన్నారా అని అడిగితే, ఆ సన్నివేశాన్ని మళ్లీ పెట్టి మాట మాటా సరిచూసుకున్నాకే కాగితం ఇస్తాను.